పంటు ఎక్కిన వంతెన

మా మాస్టారు నాలుగుసార్లు అసెంబ్లీకి పోటీ చేశారు. మొదటిసారి ఓడారు, తర్వాత రెండుసార్లు గెలిచారు, చివరిసారి ఓడారు. ఆయన రాజకీయ జీవితం మొత్తం ఇంతే. ఇదే సంగతి నేను వేదికెక్కి చెబితే మూడు గంటలు పడుతుంది. ఈసారి మాత్రం నవ్వించడానికి చెప్పడం లేదు. ఆయన చివరిసారి ఓడిపోవడానికి కారణం నేను. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు.

రాజకీయాల్లోకి రాకముందు ఆయన మిషన్ హైస్కూల్లో మాకు తెలుగు చెప్పేవారు. ఎనిమిదో తరగతిలో గోదావరి వరద మీద వ్యాసం రాయమన్నారు. నేను ఆ వరదలో ఏనుగులు కొట్టుకొచ్చాయని రాశాను. మా ప్రాంతంలో ఏనుగును చూడాలంటే సర్కస్ రావలసిందే. నోటుపుస్తకం తిరిగి చేతికొచ్చేటప్పటికి ఏనుగుల పక్కన ఎర్ర సిరాతో రెండు ప్రశ్నలున్నాయి. ‘ఎన్ని? నువ్వు చూశావా?’ నేను బాగా ఆలోచించి, కింద ‘మూడు, చూశాను’ అని రాసి మళ్లీ ఇచ్చాను.

ఆయన నా బుర్ర మీద చెయ్యి వేసి, "నువ్వు బాగుపడవురా. కానీ బతికేస్తావు" అన్నారు.

బతికేశాను. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పత్రికలకి హాస్యం రాస్తూ, వార్షికోత్సవాలలో జనాన్ని నవ్విస్తూ ఎంత హాయిగా బతికానంటే, ఇప్పుడు నేను బస్సెక్కేటప్పుడు నా పొట్ట ఎక్కిన నిమిషానికి గాని నేను ఎక్కను.

మాస్టారు మొదటిసారి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. గుర్తు కుట్టుమిషను. మేం పాత విద్యార్థులం కలిసి రిక్షా మీద నిజం కుట్టుమిషనే పెట్టి ఊరూరా తిప్పాం. దాన్ని తొక్కుతూ కూర్చోవడం నా పని. ఒక ఊళ్లో ఒకావిడ చిరిగిన జాకెట్టు తెచ్చి, కాస్త చెయ్యి కుట్టిపెట్టమంది. కుట్టి ఇచ్చాం. ఆ ఒక్క ఓటూ మాకు పడిందని నాకు గట్టి నమ్మకం. మిగిలినవి ఎక్కడికి పోయాయో తెలియదు. మాకు ఓటేసినవాళ్లందరినీ పిలిచి కూర్చోబెడితే మా చర్చిలో బెంచీలు మిగిలిపోతాయి. డిపాజిట్ పోయింది. మర్నాడు ఆయన మామూలుగా బడికి వెళ్లి హాజరు పిలిచారు.

ఆ తర్వాత ఒక పార్టీ వాళ్లకి, మచ్చలేని మనిషి ఒకడు కావలసివచ్చాడు. వాళ్ల దగ్గర వెతికితే దొరకలేదు కాబోలు, మాస్టారి దగ్గరికి వచ్చి బి-ఫారం ఇచ్చారు. ఆ ఎన్నికల్లోనే నేను ఆయనతో కలిసి మొదటిసారి లంకకు వెళ్లాను.

గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఊరది. చేపలు పట్టేవాళ్లూ, అరటితోటల్లో పనిచేసేవాళ్లూ ఉంటారు. అక్కడికి దారి పంటు ఒక్కటే. రెండు పడవల్ని కలిపి కట్టి, పైన చెక్కలు పరిచి, ఇంజను బిగించిన సరంజామా అది. మనుషులు, మేకలు, మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పెళ్లికూతుళ్లు అన్నీ దాని మీదే దాటాలి. వంతెన కావాలని లంకవాళ్లు ముత్తాతల నాటి నుంచీ అడుగుతున్నారు. వేయిస్తామని చెప్పని అభ్యర్థి లేడు. ఇన్నేళ్లుగా హామీ ఇచ్చిన వంతెనల్ని వరసగా పేరిస్తే, లంక నుంచి తుని దాకా కాలు తడవకుండా నడిచి వెళ్లొచ్చు.

వలలు ఆరబెట్టిన చోట మీటింగు పెట్టారు. జనం వంతెన మాట కోసం చూస్తున్నారు.

"వంతెన నా వల్ల కాదండి" అన్నారు మాస్టారు. "అది ఒక ఎమ్మెల్యే చేతిలో ఉన్న పని కాదు. పంటు ఆగేచోట మోకాటి లోతు బురదలో దిగుతున్నారు కదా, అక్కడ సిమెంటు ర్యాంపు వేయిస్తాను. అది చెయ్యగలను."

పక్కనే నిలబడ్డ నేను తల పట్టుకున్నాను. పార్టీ వాళ్లు వాచీలు చూసుకున్నారు. ముందువరసలో ఒక ముసలాయన చుట్ట పక్కన పెట్టి, "కాదని చెప్పినోడు ఇన్నాళ్లకి ఒకడొచ్చాడండి" అన్నాడు. ఆ లంక ఓట్లు గంపగుత్తగా మాస్టారికి పడ్డాయి. గెలిచారు. రెండు గట్ల మీదా ర్యాంపులు వేయించారు. కాంట్రాక్టరు ఆయన పేరు చెక్కించిన శిలాఫలకం తెస్తే, దాన్ని బోర్లా తిప్పి, బట్టలు ఉతుక్కోవడానికి పనికొస్తుందని అక్కడే వదిలేశారు. తర్వాతి ఎన్నికల్లోనూ గెలిచారు. లంకవాళ్ల ఓట్లు అప్పుడూ ఆయనవే.

రెండోసారి ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు, ఆయన తిరగ్గా తిరగ్గా, వంతెన కోసం మట్టి పరీక్షలకి ఇంజనీర్లు వచ్చారు. ఒడ్డున మూడు గోతులు తవ్వి, మట్టి సంచుల్లో నింపుకుని వెళ్లారు. ఆ మట్టి ఏమైందో ఇప్పటికీ తెలియదు. మాస్టారు లంకకు వెళ్లి అదే చెప్పారు. మట్టి తీసుకెళ్లారు, అంతే, మట్టి తీసుకెళితే వంతెన వచ్చినట్టు కాదు, ఆశ పెట్టుకోవద్దు అన్నారు.

నాలుగోసారి ఎన్నికలొచ్చాయి. ప్రచారం ఆటోల్లో వేసే రికార్డింగు రాయడం నాకు అప్పగించారు. ముందు రోజు మాస్టారు ఫోన్ చేసి, రాసింది ఒకసారి చదివి వినిపించమన్నారు. మీరు ఎండలో తిరుగుతున్నారు, ఇలాంటివన్నీ మీకెందుకు, నేను చూసుకుంటాను కదండీ అన్నాను. అలసిపోయి ఉన్నారేమో, సరే అన్నారు. ఆ ఫోన్ కాల్ ఇప్పటికీ నా చెవిలో ఉంది. రెండు నిమిషాలు చదివితే సరిపోయేది.

ఎందుకు చదవలేదో నాకు తెలుసు. చదివితే ఆయన ఎర్ర సిరా తీస్తారు.

రాజమండ్రి స్టూడియోలో, నిడదవోలు జంక్షన్లో గూడ్సుబండి కదిలినట్టుండే గొంతున్న ఒకాయన చేత చదివించాను. ఆ మూడు గోతులు నా చేతిలో పడి ఏమయ్యాయంటే: ‘లంక ప్రజల తరతరాల కన్నీరు తుడిచి, గోదారమ్మ మెడలో వంతెన హారం వేసిన అపర భగీరథుడు, మన మాస్టారు!’ వెనక సన్నాయి కూడా పెట్టించాను. స్టూడియోలో అది విని నాకే కళ్లు చెమర్చాయి. గట్టున ఉన్న ఊళ్లవాళ్లకి లంకలో వంతెన ఉందో లేదో ఎవడు చూడొచ్చాడు? లంకకు మాత్రం ఏ ఎన్నికల్లోనూ ప్రచారం ఆటో వెళ్లలేదు. బురదలోంచి పంటు ఎక్కించడం ఎవరి తరమూ కాలేదు.

ఇప్పుడు ర్యాంపు ఉందన్న సంగతి మర్చిపోయాను.

ఆటో నడిపే అతను చాలా నిజాయితీపరుడు. ఒక్క ఊరు కూడా వదలొద్దని చెప్పాం, వదల్లేదు. ప్రచారం ఆఖరి రోజున మాస్టారు వేయించిన ర్యాంపు మీదుగా సుఖంగా దిగి, ఆటోని పంటు ఎక్కించాడు. నడి గోదావరిలో మైకు పెట్టాడు. ఇంజను చప్పుడుకి సరిగ్గా వినపడటం లేదని పంటు నడిపే ఆయన ఇంజను ఆపేశాడట. ఆ పంటు అలా నీటి వాలున తేలుతూ ఉండగా, మేకలతో సహా అందరూ తమ నెత్తిమీద వంతెన ఉందన్న వార్త మూడుసార్లు విన్నారు. ఒకరిద్దరు తలెత్తి పైకి కూడా చూశారట.

అవతలి ఒడ్డున ఎండుచేపలమ్మే ఒక మామ్మగారు ఆటోకి అడ్డంగా నిలబడింది.

"వంతెన ఎటేపు ఏశారు నాయనా? మాకు కనపట్టంలేదు. కళ్లజోడుగాని కావాలేంటి?"

"నాకు తెలీదు మామ్మగారూ. తిప్పమన్నారు, తిప్పుతున్నాను" అన్నాడతను. ఇద్దరి మాటల వెనకా సన్నాయి మోగుతూనే ఉంది. ఎవరో ఫోన్లో తీశారు. నియోజకవర్గంలో ఆ వీడియో చూడని ఫోన్ లేదు. ప్రత్యర్థులు ఇక శ్రమపడవలసిన పని లేకపోయింది.

మాస్టారు నాకు ఫోన్ చేశారు. ఎవరు రాశారని అడగలేదు. "మళ్లీ ఏనుగులేంట్రా" అన్నారు. వెంటనే ఆటో ఆపించమన్నారు. ఆ సాయంత్రంతో ప్రచారం గడువు అయిపోయింది. లంకకు వెళ్లి మైకు పట్టుకుని చెప్పుకునే వీలు కూడా లేకపోయింది.

లెక్కింపు రోజున నేను ఏజెంటుగా ఇనప వలకి ఇవతల కూర్చున్నాను. లంక పోలింగ్ బూత్‌ల ఓట్లు వచ్చే రౌండు వరకు మేమే ముందున్నాం. ఆ రౌండు అయ్యేటప్పటికి వెనకబడ్డాం, ఇక అందుకోలేదు. ఎంత తేడాతో ఓడామంటే, ఒక పెళ్లిలో ఒక బంతికి కూర్చునేంత మంది. ఈ ఒక్కటీ నేను పెంచి చెప్పడం లేదు. తగ్గించి చెబుదామని ఉంది, కుదరడం లేదు. తర్వాతి ఎన్నికల్లో పార్టీ బి-ఫారం ఇంకొకరికి ఇచ్చింది. మాస్టారు మళ్లీ పోటీ చెయ్యలేదు.

లంకకు వెళ్లి ఆ మాట నేను రాశానని చెప్పాలనుకున్నాను. వరదలు తగ్గాక వెళదాం అనుకున్నాను, ఎండలు తగ్గాక వెళదాం అనుకున్నాను. ఏళ్లు గడిచాయి. కుట్టుమిషను కథ చెప్పి కొన్ని వందల సభల్ని నవ్వించాను గాని, లంక దగ్గరికి వచ్చేసరికి కథ ఆపేసి శాలువా కప్పించుకునేవాణ్ని. మాస్టారి ముందు కూర్చున్నా ఆ ప్రస్తావన ఆయన తెచ్చేవారు కాదు, నేను తెచ్చేవాణ్ని కాదు.

పోయిన శీతాకాలంలో లంక బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. నవ్వించడానికే. పంటు మీద వెళుతుంటే, నడిపే ఆయన నన్ను గుర్తుపట్టాడు. అప్పుడు ఇంజను ఆపినాయనే.

"మాస్టారు బాగున్నారాండి?"

బాగున్నారన్నాను.

"ఓడిన మర్నాడే వచ్చారండి ఇక్కడికి. ఒక్కరే. ర్యాంపు మీద నిలబడి, అందరూ వచ్చేదాకా ఆగారు. ‘ఆ వంతెన మాట నేనే రాయించానండి, తప్పు నాది’ అని దణ్ణం పెట్టి, మళ్లీ పంటెక్కి వెళ్లిపోయారు. మాకే సిగ్గేసిందండి." స్టీరింగు సరిచేసుకుని మళ్లీ అన్నాడు. "దేవుడులాంటి మనిషి. జన్మకి ఒక్క అబద్ధం ఆడారు. అదీ మా దగ్గరే ఆడాలేంటండి?"

పంటు దిగేదాకా నేను ఒక్క జోకూ వెయ్యలేదు. నా గురించి తెలిసినవాళ్లు దీన్ని అతిశయోక్తి అనుకుంటారు.

ఆ సాయంత్రం సభలో చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. కానీ మైకు అందుకున్నాక, మొదటే అంత పెద్ద మాట ఎలా చెప్పాలో తెలియక, ముందు కాస్త తేలిక చేద్దామనుకుని ఏనుగులు చెప్పాను. నవ్వారు. కుట్టుమిషను చెప్పాను. ఇంకా నవ్వారు. అప్పుడు, ఆ వంతెన మాట మాస్టారు రాయించింది కాదు, రాసింది నేను, ఆయనకు వినిపించకుండా దాచింది నేను, ఆ అబద్ధం గోదావరంత పొడుగు, ధవళేశ్వరం బ్యారేజీ కూడా దాన్ని ఆపలేకపోయింది అన్నాను. పందిరి ఎగిరిపోయేలా నవ్వారు. నిజమండి, ఒట్టండి అన్నాను. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఎండుచేపల మామ్మగారు ముందువరసలో కుర్చీలో కూర్చుని ఉంది. బాగా పెద్దదైపోయింది. నేను దిగగానే నా చెయ్యి పట్టుకుంది.

"మంచి శిష్యుడివి బాబూ. మీ మాస్టారి మీద మాట పడకుండా నీ మీద ఏసుకున్నావు. ఆయన ఒప్పేసుకున్నాడులే. మేం ఎప్పుడో మర్చిపోయాం."

మర్చిపోలేదు. మర్చిపోతే ఒప్పేసుకున్నాడని ఎందుకు గుర్తుంటుంది?

మర్నాడు పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్లాను. వరండాలో పేపరు చదువుతున్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి, ముందు ఏం చెప్పావని అడిగారు. ఏనుగులు చెప్పానన్నాను.

"ముందు నవ్వించి, తర్వాత చెప్పావా?"

"ఆయ్."

"మరెలా నమ్ముతారు?"

ఎన్నేళ్లుగానో ఎత్తని ప్రస్తావన, ముందు రోజు పంటు మీద తెలిసినది, రెండూ కలిసి ఒకే ప్రశ్నగా బయటికొచ్చాయి. "మీరెందుకు మీదేసుకున్నారండీ?" అన్నాను.

"ఆ ఆటో మీద ఉన్నది నా ఫొటోయే కదరా."

ఆయనకి కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆటో మీద ఆ ఫొటో అంటించింది కూడా నేనే. దాన్ని కాస్త పెద్దది చేయించాను, కళ్లజోడు తీయించి, జుట్టు నల్లగా వేయించాను. ఆయన పేరుని కూడా అలాగే పెద్దది చేద్దామనుకున్నాను. ఉన్నంతలోనే ఆ లంకవాళ్లకి సరిపోయిందని నాకు తట్టలేదు.

ఈసారి ఆయన అడిగారు. "ర్యాంపు ఎలా ఉంది?"

ఓడిన మర్నాడు వెళ్లొచ్చాక ఆయన మళ్లీ లంకకు వెళ్లలేదని అప్పుడు అర్థమైంది. అద్దంలా మెరుస్తోందండీ అనబోయాను. నా నాలుక సగం తిరిగింది కూడా.

"పగిలిందండి. కింద పాకుడు పట్టింది. జనం పక్కనుంచి దిగుతున్నారు."

"ఎన్నిచోట్ల పగిలింది?"

"రెండుచోట్లండి."

"నువ్వు చూశావా?"

"చూశానండి. రెండే."

ఆయన తల ఊపి, జేబులోంచి పెన్ను తీసి, పేపరు అంచు మీద రాసుకున్నారు. పంచాయతీ వాళ్లకి ఎవరికి చెప్పాలో ఆలోచిస్తున్నారు కాబోలు. నేను చెప్పిన మాటకి ఆయన ఇంకేమీ అడక్కుండా రాసుకోవడం, ఎనిమిదో తరగతి నుంచి లెక్క వేసుకున్నా, అదే మొదటిసారి.