చల్లబడని పాదాలు

ఆస్ట్రేలియాలో డార్విన్ నగరపు ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి నెల కూడా కాలేదు. బయట వానాకాలపు ఉక్క, లోపల వార్డులో ఏసీ చలి. ఆ ఉదయం నాకు అప్పజెప్పిన పేషెంటు చేపల పడవల మీద ముప్పై ఏళ్లు వంట చేసిన పెద్దాయన. మోకాలి మార్పిడి ఆపరేషను. ఇంకో గంటలో థియేటరుకి తీసుకెళ్లాలి.

నేను బీపీ చూస్తుంటే ఆయన నెమ్మదిగా, "సిస్టర్, ఐ హావ్ గాట్ కోల్డ్ ఫీట్" అన్నాడు.

కాళ్లు చల్లబడ్డాయంటే రక్తప్రసరణ సరిగా లేదేమోనని నాకు కంగారు పుట్టింది. దుప్పటి తీసి పాదాలు పట్టుకు చూశాను. వెచ్చగానే ఉన్నాయి. నాడి కూడా చక్కగా కొట్టుకుంటోంది. అయినా పెద్దవాడు కదా అని, వెచ్చజేసిన దుప్పటి ఒకటి తెచ్చి కప్పి, మందపాటి మేజోళ్లు తొడిగాను.

"ఇప్పుడు బాగుందా?"

ఆయన మేజోళ్లనీ నన్నూ మార్చి మార్చి చూసి, "థాంక్స్, లవ్" అన్నాడు. ఇక్కడి పెద్దవాళ్లు ఆడపిల్లల్ని ఆప్యాయంగా అలాగే పిలుస్తారు.

నేను తృప్తిగా కేస్ షీట్లో రాసేశాను: పాదాలు చల్లగా ఉన్నాయన్నారు, తాకితే వెచ్చగా ఉన్నాయి, మేజోళ్లు తొడిగాను.

మా షిఫ్టు ఇన్‌చార్జి వరంగల్ నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆవిడ. అక్కా అని పిలిచేదాన్ని. అది చదివి కళ్లజోడు తీసి పకపకా నవ్వింది.

"కాళ్లు సల్లవడుడు కాదు పిల్లా! ఆఖరి నిమిషంల భయమై వెనక్కి తగ్గితే ఇక్కడోళ్లు గట్లంటరు. ఆపరేషన్ వద్దనిపిస్తున్నట్టుంది ఆయనకు. జల్ది పోయి మాట్లాడు, డాక్టర్‌కి చెప్పాలె."

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సారీ, ఇందాక మీ మాట నాకు అర్థం కాలేదు. భయంగా ఉందా?"

"నడుములో సూది వేసి కింది సగమే మొద్దుబారుస్తారట. మెలకువగా ఉండి ఎముక కోసే రంపం చప్పుడు వినాలి. తుపానులో కూడా సూప్ కుండ ఒలకనివ్వలేదు నేను. కానీ ఇది..."

"మా తెలుగులో అయితే కాళ్లూ చేతులూ ఆడటం లేదంటాం" అని దాని అర్థం చెప్పాను.

"చేతులు కూడానా? అయితే మీ భయం మా భయం కంటే పెద్దదే!" అని నవ్వేశాడు.

మత్తు డాక్టరుని పిలిపించాను. డాక్టరు మంచం అంచున కూర్చుని, కునుకు పట్టే మందు కూడా ఇస్తామనీ, చెవులకు హెడ్‌ఫోన్లు పెడతామనీ, వద్దనుకుంటే ఇప్పుడే మానేయొచ్చనీ చెప్పాడు.

పెద్దాయన దిండు మీంచి తల ఎత్తాడు. "ఫుటీ కామెంటరీ పెడతారా?" ఫుటీ అంటే ఇక్కడివాళ్లు ప్రాణం పెట్టే ఫుట్‌బాల్ ఆట.

"పెడతాం."

"అయితే పదండి."

ఆపరేషను బాగా జరిగింది. రెండో రోజుకే వాకర్ పట్టుకుని కారిడార్ చివరిదాకా నడిచాడు. ఇంటికి వెళ్లే రోజు, కూతురు సంచి సర్దుతుంటే, నా చేయి పట్టుకుని, "యువర్ హార్ట్ ఈజ్ ఇన్ ద రైట్ ప్లేస్" అన్నాడు. నా గుండె ఉండాల్సిన చోటే ఉందట. ఈసారి నేనేమీ ఊహించుకోదలచుకోలేదు.

"అంటే ఏమిటండీ?"

"పొరపాట్లు చేస్తావు గానీ, మనిషివి మంచిదానివి అని."

"డాడ్!" అంటూ కూతురు కోప్పడింది. నేను మాత్రం పడీ పడీ నవ్వాను.