అరుగు మీద ఖాళీ బుట్ట

మా వీధిలో పూలు కొనుక్కునే అలవాటు ఉండేది కాదు. ఇందుకూరుపేట దగ్గర, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న చిన్న వీధి మాది. ఎవరింట్లో శుభకార్యం ఉన్నా ముందు రోజు సాయంత్రం ఆ ఇంటావిడ వెదురుబుట్ట కడిగి, పసుపు రాసి అరుగు మీద పెడుతుంది. పూలు కావాలని నోరు తెరిచి అడగకూడదు. బుట్ట కనిపిస్తే చాలు, పొద్దు గూకేలోపు తలా ఒక గుప్పెడు తెచ్చి వేసి పోతారు. ఎదురింటి అక్కవి మల్లెమొగ్గలు, మూలింటి వాళ్ళవి సన్నజాజులు, మా ఇంటి వంతు కనకాంబరాలూ మరువమూ. చలికాలమైతే చామంతులు, డిసెంబరాలు. ఆ బుట్టలోంచే గుమ్మానికి తోరణం, దేవుడి పటాలకి దండలు, ఆడపిల్లకు జడ.

కాపురానికి వచ్చిన కొత్తలో నాకిది వింతగా ఉండేది. తర్వాత అదే నా గర్వమైంది. నాకు మొదటినుంచీ ఇల్లు పచ్చగా లేకపోతే తోచదు. మెట్ల మీద క్రోటన్లు, కిటికీకి మనీప్లాంటు, పగిలిన బానలో పుదీనా, ఇంట్లో కుండీ లేని మూల ఉండేది కాదు. అయినా పండగ నాడు నా గుమ్మం అందంగా ఉందంటే అది నా ఒక్కదాని పనితనం కాదని నాకు తెలుసు.

మా పొలం వీధి వెనకే. వరి వేసి ఏం బావుకున్నామని మా ఆయనా, మరిదీ కలిసి దాన్ని రొయ్యల చెరువుకి కౌలుకిచ్చారు. నన్నెవరూ అడగలేదు. చెరువు వాళ్ళు ఉప్పుటేటికి మోటార్లు పెట్టి నీళ్ళు తోడి నింపారు. కొన్నాళ్ళకి వీధిలో బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. అన్నం వండితే రుచి మారింది, తలంటుకుంటే జుట్టు అట్టలు కట్టింది. అన్నిటికంటే ముందు చెప్పింది మాత్రం మొక్కలే. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడాయి. మూలింటి సన్నజాజి పందిరి ఎండిపోయి, కొన్నాళ్ళు ఉత్త కర్రలుగా నిలబడి, చివరికి పొయ్యిలోకి పోయింది.

నా మొక్కలు మాత్రం చావలేదు. ఆటోలో వచ్చే మంచినీళ్ళ క్యాన్లు కొని వాటికి పోశాను. మరి ఏం చేయమంటారు? కళ్ళెదుట చస్తుంటే చూస్తూ కూర్చోవాలా? కానీ వీధంతా ఎండిపోయి మా గుమ్మం ఒక్కటే పచ్చగా ఉంటే ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు. ఒకరోజు క్యాన్ల ఆటో దగ్గర మూలింటావిడ, నన్ను చూడకుండా నాకే తగిలేలా అంది: "ఉప్పు మాకంట, పచ్చదనం వాళ్ళకంట."

నాకు ముక్కు మీదే కోపం. "మోటారు నేనేసినానా?" అని అక్కడే అడిగేశాను. ఆ తర్వాత ఎదురింటి అక్క కూడా మా అరుగు మీదికి వచ్చి కూర్చోవడం మానేసింది.

ఈ వేసవిలో మా అమ్మాయికి సీమంతం వచ్చింది. వేడుక మా ఇంట్లోనే. దానికి చిన్నప్పటినుంచీ జడ కుట్టింది ఎదురింటి అక్కే; నన్ను చూసి అదీ ఆమెని అక్కా అనే పిలుస్తుంది. బడిలో డాన్సు ఉన్నా, పండగ వచ్చినా పుస్తకం పట్టుకుని పోయి అక్క ముందు కూర్చునేది. ఈసారి కూడా దానికి ఒకటే కోరిక. "అమ్మా, అంగడి పూలొద్దు. అక్క మొగ్గలతో జడ కుట్టిస్తావా?"

వీధిలో మిగిలిన మల్లెపొద అక్కదొక్కటే. తాగే నీళ్ళతో బియ్యం కడిగి, ఆ కడుగు పోసి దాన్ని బతికించుకుంటోందని అందరికీ తెలుసు. ఆ పొద నుంచి పూలు అడిగే ముఖం నాకుందా? అయినా ఆచారం ప్రకారం అడగక్కర్లేదు కదా అని, ముందు రోజు సాయంత్రం బుట్ట కడిగి, పసుపు రాసి అరుగు మీద పెట్టాను. బుట్ట నిండకపోతే నా కూతుర్ని ఈ వీధి దీవించనట్టే.

ఆడవాళ్ళు బుట్ట చూశారు. చూసి, ఒక ఆకు రెమ్మైనా వేయకుండా నడిచి పోయారు. పొద్దు గూకింది. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి అంతా చూస్తూనే ఉంది. అది నన్ను తిట్టినా బాగుండేది.

మా ఆయన ముందే నెల్లూరు నుంచి డెకరేషన్ వాళ్ళని మాట్లాడి ఉన్నాడు. తెల్లారగానే వాళ్ళు వచ్చి గుమ్మానికి ప్లాస్టిక్ ఆకులు, పచ్చ స్పాంజిలో గుచ్చిన పేరు తెలియని పూలు పెట్టారు. బాగానే ఉంది. ఏ పువ్వుకీ వాసన లేదు.

అప్పుడు వచ్చింది అక్క, తడిగుడ్డ మూట ఒకటి చేతుల్లో పట్టుకుని. బుట్ట పక్కనుంచే మెట్లెక్కింది, దాని వంక చూడలేదు. నేరుగా లోపలికి పోయి అమ్మాయి ముందు మూట విప్పింది. మల్లెమొగ్గలు. నిన్న సాయంత్రమే కోసి ఉంటుంది. అంటే బుట్ట చూసింది, చూసి కూడా అందులో వేయలేదు.

"నేను కుడతా. కూర్చో పాపా," అంది.

"అక్కా" అని ఏదో అనబోయాను. అక్క తల తిప్పకుండానే అంది: "ఇవి దాని జడకి తెచ్చినా మే. నీ గుమ్మానికి ఒక్కటి కూడా కట్టబాక."

జడ కుట్టి, అక్షింతలు వేసి, అమ్మాయి కడుపు మీద చెయ్యి పెట్టి నిమిరింది. భోంచేసి పొమ్మంటే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినానంటూ వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవని నాకూ తెలుసు, తనకూ తెలుసు.

చుట్టాలంతా వెళ్ళాక పళ్ళెంలో కొన్ని మొగ్గలు మిగిలాయి. అవి విచ్చుకునే వేళకి ఇల్లంతా ఆ వాసనే. నాకు అందులో కూర్చోబుద్ధి కాలేదు. మా ఆయన పళ్ళెం చూసి, "మిగిలినవి గుమ్మానికి కట్టరాదా?" అన్నాడు.

"అవి మనవి కావు. ఆ చెరువు పూడ్పించేదాకా నేను గుమ్మానికి పూలు కట్టను."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. చొక్కా విప్పి కొయ్యకి తగిలిస్తూ, రేపటి కూర గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు: "ఇప్పుడు పూడిస్తే మాత్రం ఏముందే? ఉప్పెక్కిన నేల. అందులో ఇంకేం మొలవదని ఇచ్చేటప్పుడే అనుకున్నాం గదా."

అనుకున్నారు. నాతో మాత్రం అనలేదు. నేను అరుగు మీదికి పోయి ఖాళీ బుట్టను లోపలికి తెచ్చుకున్నాను.