అద్దాల గదిలో మెకానిక్

మా నాయన లారీ కింద పడుకుని చెయ్యి బయటికి చాపితే, ఆ చేతిలో నేను పెట్టిందే సరైన పానా. నంబరు చూసుకునే అలవాటు ఆయనకు లేదు. "పద్నాలుగు" అనేవాడు. నేను పెట్టేవాణ్ని. చెయ్యి లోపలికి పోయేది, బోల్టు తిరిగేది. కొత్తకోటలో హైవే పక్కన మా షెడ్డు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే లారీల్లో పోగలిగినవి పోయేవి, పోలేనివి మా దగ్గర ఆగేవి. నేను డిగ్రీలో చేరాక కూడా శని, ఆదివారాలు నా ఉద్యోగం అదే: చేతికి పానా అందించడం.

కొత్తకోట నుంచి వనపర్తి పెద్ద దూరమేమీ కాదు. బస్సులో కునుకు పట్టేలోపు దిగాల్సి వస్తుంది. అయినా నాయన నన్ను వనపర్తిలో రూము తీసుకుని ఉండమన్నాడు. షెడ్డు మోతలో చదువు ఎక్కదని ఆయన నమ్మకం. మోత లేని చోట కూడా పెద్దగా ఎక్కడం లేదని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకు చెప్పి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

రూములో నలుగురం. ముగ్గురం తెలుగు మీడియం సరుకు. నాలుగోవాడి ఊరు అయిజ. గద్వాలలో ఏడో తరగతి దాకా ఇంగ్లీషు మీడియంలో చదివాడు. ఏడు తర్వాత ఎందుకు మానేశాడని మేమెవరం అడగలేదు. ఏడేళ్లు ఇంగ్లీషులో చదివినవాణ్ని ప్రశ్నలు అడగడం మర్యాద కాదనిపించింది.

నలుగురం కలిసి ఒక పాత టీవీ కొన్నాం. కేబుల్ అతను తెలుగు ఛానెళ్ల నడుమ ఎవరూ అడగని ఒక ఇంగ్లీషు ఛానెల్ కూడా వదిలాడు. బహుశా అతనికి కూడా తెలిసి ఉండదు. అందులో ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఒక గూఢచారి సీరియల్ వచ్చేది. మొదటిరోజు తెర మీద ఒక పొడుగు మనిషి పొడుగు కోటు వేసుకుని, చేతిలో పెట్టెతో వంతెన దాటుతున్నాడు. ఫోన్లో ఏదో అన్నాడు.

"ఏమంటుండురా?" అని మేం అయిజ దోస్తును అడిగాం.

"తెల్వదురా" అన్నాడు.

నవ్వాం. చదువుకున్నవాడి వినయం అనుకున్నాం. "గద్వాలల సదివినోనికే తెల్వకపోతే మాకు తెలుస్తదా? ఎక్కువ జెయ్యకు, జర చెప్పు."

వాడు మా ముగ్గురి మొహాలూ చూశాడు. మళ్లీ టీవీ చూశాడు. "ఆ పెట్టెల దేశం రహస్యాలున్నయంట" అన్నాడు.

ఆ తర్వాత వాడు ఆగలేదు. మేమూ ఆగనివ్వలేదు. తెల్లవాళ్ల పేర్లు మా నోటికి తిరగవు కాబట్టి వాడే పేర్లు పెట్టాడు. హీరో పొడుగోడు. ఆఫీసులో టై కట్టుకున్న పెద్దాయన సారు. నేలమాళిగలో నూనె మరకల బట్టలతో కూచుని పెన్నులో కెమెరా, గడియారంలో రేడియో బిగించే ముసలాయన మెకానిక్. వారం వారం కథ చిక్కబడింది. పొడుగోడికి ఒక చెల్లెలు ఉండేది. ఒకరోజు ఇద్దరూ చాలాసేపు అలుముకుని నిలబడ్డారు. "అన్నాచెల్లెండ్లు గిట్ల పట్టుకుంటరా?" అని మాలో ఒకడికి అనుమానం వచ్చింది. "ఇంగ్లీషోళ్లల్ల గంతే" అన్నాడు అయిజ దోస్తు. మేం ఆమెను ఆడబిడ్డగా గౌరవించాం.

శనివారం షెడ్డులో పానాలు అందిస్తూ ఆ కథ నాయనకు చెప్పేవాణ్ని. లారీ కింది నుంచి "ఊఁ" అంటూ వినేవాడు. రెండో వారమో మూడో వారమో, "గదంత ఇంగ్లీషులనే వస్తదా?" అని అడిగాడు.

"ఇంగ్లీషులనే."

"నీకు సమజయితదా?"

ఇక్కడ నేను ఒక ముక్క చెప్పి ఉండాల్సింది. అయిజ నుంచి ఒక దోస్తు ఉన్నాడని, వాడు చెబితే నేను మోసుకొస్తున్నానని. "అయితది" అన్నాను. ఆ మాట నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చింది, గ్రీజు పూసినట్టు.

కాసేపు సుత్తె చప్పుడు ఆగింది. తర్వాత పక్కన బీడీ తాగుతున్న డ్రైవరుతో నాయన అన్నాడు. "మావోడు ఇంగ్లీషుల ఇని తెలుగుల చెప్తడు. రూముల పెట్టినందుకు ఫాయిదా అయింది."

ఆ వారం రూముకు వచ్చి, నేను కథ చెబుతుంటే మా నాయన ఖుష్ అవుతున్నాడని, మెకానిక్ అంటే మరీ ఇష్టపడుతున్నాడని అయిజ దోస్తుతో అన్నాను. మా నాయనా మెకానిక్కే కదా. వాడు "అట్లనా" అన్నాడు. ఆ శుక్రవారం నుంచి సీరియల్లో మెకానిక్ తెలివి పెరిగింది. సారు కూడా ఆయన్ని అడగకుండా ఏ పనీ చేయడం లేదు. పొడుగోడు కష్టంలో పడ్డప్పుడల్లా ఆయన్నే తలుచుకుంటున్నాడు. నేను ఈ రెండు విషయాలనూ కలిపి చూడలేదు. డిగ్రీలో అది మాకు సిలబస్‌లో లేదు.

షెడ్డు నుంచి కథ పక్కనున్న దాబాకు పాకింది. దాబా నుంచి లారీలెక్కింది. రాయచూరు డ్రైవరు ఒకాయన, బండికి ఏ రోగమూ లేకుండానే ఆపి, తల బయటపెట్టి అడిగేవాడు. "ఉస్తాద్, మెకానిక్ ఏం జేసిండు ఈ వారం?" నాయన చెయ్యి తుడుచుకుంటూ చెప్పేవాడు. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పేవాడు. స్పానర్ల పేర్లు కలిపేవాడు.

ఒక వారం మెకానిక్‌ను నలుగురు మనుషులు తీసుకెళ్లి ఒక అద్దాల గదిలో కూచోబెట్టారు. ఎందుకని అడిగాం. అయిజ దోస్తు ఈసారి కాస్త ఎక్కువసేపు ఆలోచించాడు. "నాజూకు మిషన్లు గద, దుమ్ము పడొద్దని ఏసీ రూమ్ ఇచ్చిండ్రు."

"బయట తుపాకులెందుకు?"

"అంత పెద్ద మెకానిక్‌కు కాపలా ఉండదారా?"

శనివారం ఈ మాట చెప్పగానే నాయన లారీ కింది నుంచి బయటికొచ్చాడు. బోల్టు సగంలో ఉండగా ఆయన బయటికి రావడం నేను అదే మొదటిసారి చూడ్డం. "మెకానిక్‌కు ఏసీ రూమా?" అన్నాడు. "అద్దాలది" అన్నాను. మా షెడ్డు రేకులకేసి చూశాడు. ఆ ఎండాకాలం షెడ్డులోకి ఒక టేబుల్ ఫ్యాను వచ్చింది. ఇంట్లో అమ్మ దండగ అంటే, "బయటి దేశాల మెకానిక్‌లకు ఏసీలు ఇస్తుండ్రు, నేను ఫ్యాన్ పెట్టుకోవద్దా?" అన్నాడు. లారీ డ్రైవర్లు కూడా ఇది న్యాయమేనన్నారు.

ఆ సీజను చివర్లో పొడుగోడు ఓడరేవులో దెబ్బ తిని పడిపోయాడు. ఎక్కడో ఫోను మోగింది. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఫోనెత్తింది. అంతే, అయిపోయింది. ఆఫీసులో ద్రోహి ఎవడో ఉన్నాడని అయిజ దోస్తు చెప్పాడు. ఎవడంటే "సారే" అన్నాడు, తడుముకోకుండా.

ఆరునెలలు ఎదురుచూశాం. మేమంటే నలుగురం కాదు, హైవే మొత్తం. ద్రోహి ఎవరని దాబాలో చాయ్ పందేలు. రాయచూరాయన పొడుగోడి చెల్లెలి మీద అనుమానపడ్డాడు. నాయనకు కోపమొచ్చింది. "ఆడిపిల్లను అనుమానిస్తవేందయ్యా?" అన్నాడు.

అప్పుడు మంచివార్త వచ్చింది. ఒక తెలుగు ఛానెల్ ఆ సీరియల్‌ను కొన్నది. కొత్త సీజను ఇక తెలుగులోనే. అంతేకాదు, కొత్తది మొదలయ్యే ముందు ఆదివారం మధ్యాహ్నం, పాత కథంతా రెండు గంటల్లో తెలుగులో చూపిస్తారు. రూములో మేం ముగ్గురం ఎగిరాం.

"పాతది మల్ల ఎందుకురా, చూసినం గద" అన్నాడు అయిజ దోస్తు. ఆ పూట అన్నం తినలేదు. శనివారం కడుపులో బాగాలేదని ఊరికి బయల్దేరాడు. పాపం, ఇంత కష్టపడి చెప్పినవాడికే చూసే యోగం లేదే అని బాధపడి, నేను వాడి బ్యాగు మోసుకుని బస్టాండు దాకా వెళ్లి, మందుబిళ్ల కూడా కొనిచ్చాను.

ఆదివారం దాబా ముందు లారీలు వరసగా నిలబడ్డాయి. ఒక్కదానికీ రిపేరు లేదు. నాయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. పక్కన నాకొకటి. "ఈ పిలగాడే ఆర్నెల్ల కిందనే మొత్తం చెప్పిండు" అని దాబా ఆయన నన్ను కొత్తవాళ్లకు చూపించాడు. నేను తల వంచి నమ్రతగా కూర్చున్నాను.

పొడుగోడు వంతెన దాటాడు. తెలుగులో మాట్లాడాడు. పెట్టెలో ఉన్నది వయొలిన్ అట.

సర్లే, చిన్న తేడా అనుకున్నారు. పావుగంటకు చెల్లెలు వచ్చి, "ఏమండీ, భోజనానికి వస్తారా?" అంది. దాబాలో ఎవరో దగ్గారు. రాయచూరాయన ముందుకు వంగి, "ఉస్తాద్, ఆడబిడ్డ అంటివి" అన్నాడు. నాయన టీవీకేసే చూస్తున్నాడు. నేను నా చెప్పులు చూసుకున్నాను. అవి బాగానే ఉన్నాయి.

తర్వాత అద్దాల గది వచ్చింది. నలుగురూ ముసలాయన్ని లోపలికి నెట్టారు. సారు గంభీరంగా అన్నాడు, స్వచ్ఛమైన తెలుగులో, ఒక్క అక్షరం పోకుండా. "దేశద్రోహం నేరం కింద నిన్ను బంధిస్తున్నాం."



"ఏసీ రూమంటివి గదనే ఉస్తాద్?" వెనక నుంచి ఎవరో.

"ఏసీ రూమే" అన్నాడు రాయచూరాయన. మనిషి మంచివాడు, సర్దిచెబుదామనే అన్నాడు. "తాళం బయట ఉంది, అంతే."

దాబా కూలిపోయేట్టు నవ్వారు. నాయన నవ్వలేదు, లేచి పోలేదు. రెండు గంటలూ పూర్తిగా చూశాడు. మధ్యలో ఒక్కసారి నాకేసి చూసి తిట్టినా బాగుండేది. చూడలేదు. అయిపోయాక షెడ్డు దాకా ఇద్దరం నడిచాం. ఫ్యాను ప్లగ్గు పీకుతూ అన్నాడు.

"నీకు సమజయితదంటివి."

"రూముల దోస్తు చెప్పిండు నాయనా. నేను వాడు చెప్పిందే..."

"దోస్తు చెప్పిండని ఎన్నడన్నా అన్నవా?"

అనలేదు.

సోమవారం రూముకు వెళ్లేటప్పుడు బస్సులో తిట్లన్నీ వరసగా పెట్టుకున్నాను. అయిజ దోస్తు అప్పటికే వచ్చి స్టవ్ ముందు ఉల్లిగడ్డ కోస్తున్నాడు. మొహం చూడగానే వాడికి అర్థమైంది.

"మోసం జేసినవ్ గదరా" అన్నాను.

"మొదటి రోజే తెల్వదన్న గద."

"మరి ఎందుకు చెప్పినవ్?"

"మీరు ముగ్గురు నా మొకమే చూస్తుంటిరి. ఏం జెయ్యాలె? ఏడో తరగతిల ఇంగ్లీషుల ఫెయిలైతేనే గద నన్ను తెలుగు మీడియంల ఏసిండ్రు. ఎవడన్నా అడిగిండ్రా?"

"మెకానిక్ సంగతేంది? ఏసీ రూమేంది?"

వాడు కత్తి పక్కన పెట్టాడు. "మీ నాయన ఖుష్ అయితుండని నువ్వే అంటివి. జైల్ల ఏసిండ్రని ఎట్ల చెప్పాలెరా?"

నేను తెచ్చుకున్న తిట్లలో దీనికి సరిపోయేది ఒక్కటీ లేదు. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. ఒకే రూము, ఒకే స్టవ్ ఉన్నచోట అది అనుకున్నంత సులభం కాదు. ఉప్పు అడగాలన్నా మూడోవాడి ద్వారా అడగాలి.

శుక్రవారం కొత్త సీజను మొదలైంది. కొత్తకోట దాబాలో ఆ టైముకు సినిమా పాటలు పెట్టారని తర్వాత తెలిసింది. రూములో నలుగురం చూశాం, తెలుగులో. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేకుండా. చివరి పది నిమిషాల్లో వెలుతురు పడి, ఆరునెలల కింద ఫోనెత్తిన ఆ చెయ్యి ఎవరిదో తెలిసింది. సారుది. మెకానిక్ ఏ తప్పూ చేయలేదు. అసలు ద్రోహి ధైర్యంగా బయటపడాలని, నేరం తనమీద వేసుకుని, కావాలనే ఆ అద్దాల గదిలోకి పోయి కూచున్నాడు.

మేం ముగ్గురం మెల్లగా తలలు తిప్పి అయిజ దోస్తును చూశాం.

"నాకు తెల్వదురా" అన్నాడు.

ఈసారి నమ్మాం.

మర్నాడు మొదటి బస్సెక్కాను. అంత పొద్దున నేను కొత్తకోటలో దిగడం పరీక్షలకు కూడా ఎప్పుడూ జరగలేదు. నాయన లారీ కింద ఉన్నాడు. ఫ్యాను మూల నిలబడి ఉంది, తిరగడం లేదు. ఎండ అప్పుడే రేకుల మీదికి వచ్చింది. నేను ఆయన కాళ్ల దగ్గర గొంతుక్కూచుని చెప్పేశాను, ఊపిరి తీసుకోకుండా. "నాయనా, మెకానిక్ ద్రోహి గాదు. నిన్న చూపిచ్చిండ్రు. దొంగ సారే. ఈయన కావాలనే లోపల కూసున్నడు."

సుత్తె చప్పుడు ఆగింది.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. నేనే చూసిన. తెలుగులనే వచ్చింది."

"మంచిది" అన్నాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లతో అన్నట్టు.

కాసేపటికి చెయ్యి బయటికొచ్చింది. "పద్నాలుగు."

డబ్బాలోంచి తీశాను. గుడ్డతో తుడిచాను. ఆ చేతిలో పెట్టాను. చెయ్యి వెంటనే లోపలికి పోలేదు. నాయన కొంచెం పక్కకు జరిగి, తల బయటపెట్టి, పానాను వెలుతురుకు తిప్పి, దాని మీది నంబరు చదువుకున్నాడు. అప్పుడు లోపలికి తీసుకుపోయాడు.

అది పద్నాలుగే.