మా బావ చేసిన చట్రం

మా బావ గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. ఆయన వెల్డింగ్ చేసిన చోట అతుకు కనబడదు, దొంగకు సందు దొరకదు. వాటికి రంగులు వేసేది నేను. ఇన్నేళ్ళలో నా పనిని ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. తన పనిని మాత్రం రోజూ మెచ్చుకుంటాడు.

ఆయనకు కూతురంటే ప్రాణం. మా మేనకోడలు, దాని స్నేహితురాళ్ళు కలిసి బడి తరఫున రోబోల పోటీకి వెళ్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. రోబోకి చక్రాలూ మోటార్లూ బిగించడానికి ఒక చట్రం కావాలి. దుకాణంలో కిట్టు దొరుకుతుంది: ముందే బెజ్జాలు వేసిన అల్యూమినియం పట్టీలు, బోల్టులు. లేదంటే కొలతలిచ్చి చేయించుకోవచ్చు. ఏది మంచిదో పిల్లలు ఇంకా ఆలోచిస్తున్నారని మా అక్క చెప్పినా బావ చెవిన పెట్టలేదు. ఇంట్లో తానుండగా డబ్బాలో చట్రం కొనుక్కొస్తారా అని మూతి ముడుచుకుని, ఎవరూ అడక్కుండానే పని మొదలుపెట్టేశాడు.

ఒప్పుకోవాలి, పూర్తయ్యాక చూస్తే ముచ్చటేసింది. తేలిగ్గా ఉంది, గట్టిగా ఉంది, మూలలు నున్నగా ఉన్నాయి. మోటార్లు లోపల ఒద్దికగా ఇమిడిపోయాయి. రంగు వేస్తానంటే వద్దన్నాడు, అందం చెడుతుందట.

మేనకోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చాలా బాగుందంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మోటారు కాలిపోతే ఎలా బయటికి తీయాలి నాన్నా?"

"ఈ గొట్టం కోసి, తీసి, మళ్ళీ అతకాలి. నేనున్నాగా."

"పోటీలో పెద్దవాళ్ళని లోపలికి రానివ్వరు. మేమే విప్పుకుని, మేమే బిగించుకోవాలి."

బావ చట్రం మూలల్ని వేలితో తడిమి చూశాడు. జీవితమంతా ఎవరూ విప్పలేనివే చేసిన మనిషి, విప్పడానికి వీలుండాలన్న సంగతే ఆయనకు తట్టలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన మొహం చూసి ఆపుకున్నాను. నాన్న బాధపడేట్టయితే ఇదే తీసుకెళ్తామని పిల్ల వాళ్ళమ్మతో గుసగుసలాడింది. ఆ మాట ఆయన చెవిన పడింది. మర్నాడు తనే వెళ్ళి కిట్టు తెచ్చాడు. పిల్లలు దాన్ని బిగిస్తుంటే అందులో వేలు పెట్టకుండా కూర్చోవడానికి ఆయన పడ్డ పాట్లు నేను చూశాను.

పోటీ రోజు మేము పైన గ్యాలరీలో కూర్చున్నాం. ఆట మధ్యలో అవతలి రోబో గట్టిగా గుద్దేసరికి మావాళ్ళది ఒక పక్కకు ఒరిగిపోయింది. విరామం ఇచ్చారు. బావ చటుక్కున లేచి అడ్డంగా ఉన్న కమ్మీల దాకా వెళ్ళిపోయాడు. కింద పిల్లలు వంగిన పట్టీ విప్పేసి, కొత్తది బిగించి, చక్రం తిప్పి చూసుకున్నారు. రోబో మళ్ళీ బరిలోకి దిగింది. ఆయన ఇంకా కమ్మీలు పట్టుకునే నిలబడి ఉన్నాడు.

కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కసారైనా పైకి చూడలేదురా పిల్ల."

సంతోషమూ దిగులూ రెండూ ఉన్నాయి ఆ గొంతులో. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.