కిరసనాయిలుతో మెరిసిన బండి

మోటార్‌సైకిళ్ళ గురించి మా ఆయనకు తెలియనిది లేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు కాబట్టి నమ్మక తప్పేది కాదు. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. మేం మౌలాలిలో ఉండేవాళ్ళం. రోజూ పొద్దున్నే తన వంద సీసీ బండి మీద నన్ను కార్ఖానా ఏరియాలో నేను పాఠాలు చెప్పే బడి దగ్గర దించి, తను ఆఫీసుకు వెళ్ళేవాడు.

ఓ ఏడాది ఆ బండికి రోగం పట్టుకుంది. పరిగెత్తినంతసేపు బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే మాత్రం దడదడా వణికి, రెండుసార్లు తుమ్మి, ఆగిపోయేది. ఆయన దిగి కిక్కు కొడుతుంటే నేను పక్కన నిలబడి గడియారం చూసుకునేదాన్ని. నాది టెంపరరీ ఉద్యోగం. ఆలస్యంగా వచ్చినందుకు రిజిస్టర్‌లో అప్పటికే మూడు ఎర్రగీతలు పడ్డాయి. "ఇంకొక్కటి పడితే పర్మనెంట్‌కి నీ పేరు రాయనమ్మా" అని హెడ్‌మిస్ట్రెస్ మొహం మీదే చెప్పేసింది.

ఇంట్లో చెప్పాను. "నేనున్నాగా, చూస్తాలే" అన్నాడు. చూడటమంటే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కాంపౌండ్‌లో బండి చుట్టూ నలుగురు పెద్దమనుషుల్ని పోగేయడం. పాస్టర్‌గారు దీవెన ఇచ్చారో లేదో, ఇస్త్రీ చొక్కాల సభ మొదలయ్యేది. ఒకాయన ప్లగ్గు అనేవాడు, ఇంకొకాయన పెట్రోల్‌లో కల్తీ అనేవాడు. ఎవరూ వేలికి మసి అంటనిచ్చేవారు కాదు. చివరికి మా ఆయన పెద్ద ఆపరేషన్ చేసే డాక్టరులా వంగి, కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ ఒక చుట్టు బిగించేవాడు. బండి గట్టిగా అరిచేది, అందరూ తలలూపేవారు. మంగళవారానికల్లా మళ్ళీ అదే వణుకు.

ఆ సభకు రావాలంటే బండి తళతళలాడాలి. బండి మెరుపును బట్టి మగవాడికి విలువ కట్టే వెర్రి మా చర్చిలో అందరికీ ఉండేది. అందుకని శనివారం సాయంత్రం, నేను రేషన్ క్యూలో నిలబడి తెచ్చిన కిరసనాయిల్ని మా ఆయన పాత బ్రష్‌తో ఇంజిన్‌కి దట్టంగా పట్టించి తుడిచేవాడు. స్టవ్వుకు తక్కువైనా ఇంజిన్‌కి తక్కువ కాకూడదు.

ఒక సోమవారం కార్ఖానా సిగ్నల్ దగ్గర బండి ఆగింది, ఎంత తన్నినా లేవలేదు. ఆయన మళ్ళీ స్క్రూడ్రైవర్ తీస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. రోడ్డు దాటి, ఎదుటి రేకుల షెడ్డులో ఉన్న ముసలి మెకానిక్‌ను నేనే పిలుచుకొచ్చాను. అతను ఎలాగో స్టార్ట్ చేసి, కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం మీద సబ్బు నురగ రాశాడు. వణుకు ఒక్క క్షణం తగ్గింది.

"ఇగో, గీడికెల్లి గాలి గుంజుతుంది. రబ్బర్ పగిలింది. స్క్రూ ఎంత తిప్పితే ఏం ఫాయిదా?" అన్నాడు. తర్వాత ఇంజిన్‌ని వాసన చూశాడు. "గ్యాస్‌నూనెతోటి కడుగుతుండ్రా సార్? కిరసనాయిల్ తాకితే రబ్బర్ ఖరాబైతది."

"మా ఆవిడే కడుగుతుంది. చెబితే వినదు" అన్నాడు మా ఆయన.

"జెర జాగ్రత్తమ్మా" అన్నాడు మెకానిక్ నాతో, మర్యాదగానే. నడిరోడ్డు మీద గొడవెందుకని నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం.

కొత్త రబ్బరు బిగించాక బండి నిలకడగా ఆడింది. నేను బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. నాలుగో గీత పడింది. ఆ వారంలోనే పర్మనెంట్ ఉత్తరం నా తర్వాత చేరిన టీచరు చేతికి వెళ్ళింది.

ఆదివారం సభ యథాప్రకారం కూడింది. "ఎక్కడో గాలి లీకవుతోందని నాకు మొదట్నించీ అనుమానమేనండీ" అంటున్నాడు మా ఆయన. "ఇంట్లో ఆడవాళ్ళు కిరసనాయిలు పోసి కడిగితే ఏ రబ్బరు ఆగుతుంది చెప్పండి?" నలుగురూ నవ్వారు.

"కడిగింది ఈయనే" అన్నాను. "మీ ముందు మెరవాలని. దానికి నా ఉద్యోగం పర్మనెంట్ కాకుండా పోయింది. ఇన్ని ఆదివారాలు చూశారు కదా, మీలో ఒక్కరికైనా ఆ రబ్బరు కనబడిందా?"

మా ఆయన బండి వైపు చూశాడు, నా వైపు కాదు.

"ఏమైనా, ఇప్పుడు భలే నిలకడగా ఆడుతోందండీ" అన్నాడు నలుగురిలో ఒకాయన. మిగతావాళ్ళు వంగి ఇంజిన్ చప్పుడు వినసాగారు.