ఆంజనేయస్వామి స్టిక్కర్ కింద

నిన్న పొద్దున నా మోటార్‌సైకిల్ కొనడానికి స్నేహ అనే అమ్మాయి వచ్చింది. ఇక్కడ ఈ ట్రాయ్ ఊళ్ళోనే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, ఆసుపత్రిలో నర్సు. తనకిది మొదటి బండి. కొత్త హెల్మెట్ చంకలో పెట్టుకునే వంగి, ఇంజిన్ మీద అరచేయి ఆనించి, "ఆంటీ, ఇది వార్మ్‌గా ఉంది. ఎందుకు?" అని అడిగింది. ఆమె రావడానికి కాస్త ముందు నేనే దాన్ని స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాను. చలికి ఈ బండి మొదటి రెండుసార్లూ అందుకోదు, ఆ పిల్ల ముందు మొరాయిస్తుందేమోనని. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద కారిన ఆయిల్ కూడా గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. ఆ రెండు పనులూ చేస్తున్నంతసేపూ నాకు తప్పు చేస్తున్నానన్న ఆలోచనే రాలేదు. ఇంజిన్ మీద ఆమె అరచేయి చూశాక శేషగిరి అంకుల్ గుర్తొచ్చారు.

ఎమ్మెస్ ముగించి మొదటి ఉద్యోగానికి ఈ ఊరొచ్చినప్పుడు ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. కార్ల కంపెనీలో ముప్పై ఏళ్ళు బ్రేకులు పరీక్షించి రిటైరైన ఇంజనీరు ఆయన. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా లోపలికి అడుగు పెట్టకముందే బయట ఆగిన కార్ల చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూసి వచ్చేవారు. "ఈయనకి మనుషుల కన్నా టైర్లతోనే చుట్టరికం ఎక్కువ" అని వాళ్ళావిడ, ఆంటీ, విసుక్కునేది. నేను మోటార్‌సైకిల్ కొంటానంటే ఆంటీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంకుల్ మాత్రం, "ఎవరి దగ్గర?" అన్నారు.

"మనవాళ్ళే అంకుల్. కిరణ్ అని, కాంట్రాక్ట్ మీద సాఫ్ట్‌వేర్ చేస్తాడు. వేరే స్టేట్‌లో, బెంటన్‌విల్‌లో ప్రాజెక్ట్ వచ్చిందట. నెక్స్ట్ వీక్ మూవ్ అవుతున్నాడు."

"మనవాళ్ళయితే ఇంకా జాగ్రత్తగా చూడాలమ్మా. మొహమాటం అడ్డొస్తుంది. మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు."

చెప్పాను. అయినా మేం వెళ్ళేసరికి ఇంజిన్ వెచ్చగానే ఉంది. "మీరొస్తున్నారని వార్మప్ చేశానంకుల్" అని కిరణ్ నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే నేనప్పటికే ఆ బండి కొనేశాను, మనసులో. హెడ్‌లైట్ మీద పసుపూ కుంకుమా, హ్యాండిల్‌కి ఎండిన నిమ్మకాయ, ముందు భాగంలో ఎర్రటి ఆంజనేయస్వామి స్టిక్కర్. ఇంత భక్తిగా చూసుకున్నవాడు మోసం చేస్తాడా అనుకున్నాను. అంకుల్ మోకాళ్ళ మీద కూర్చుని, హ్యాండిల్‌ని ఒక్క వేలితో అటూ ఇటూ తిప్పి, కాగితాల మీది నంబరు ఫ్రేము మీది నంబరుతో సరిపోతుందో లేదో చూడాలన్నారు. ఆ నంబరు హ్యాండిల్ కింద, బండి మెడ దగ్గర ఉంటుంది. సరిగ్గా అక్కడే స్వామి ఉన్నాడు.

"అంకుల్, ప్లీజ్, అది తీయొద్దు. సెంటిమెంట్" అన్నాడు కిరణ్.

"అవునంకుల్, దేవుడి బొమ్మ కదా, వదిలేయండి" అని నేనూ వంత పాడాను.

బూట్లు విప్పి పక్కన పెట్టారు. స్టిక్కర్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుని, గోటితో అంచు లేపి, చిరక్కుండా మెల్లగా ఒలిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నంబరు సరిగ్గానే ఉంది. దాని పక్కనే ఫ్రేము విరిగితే అతికించిన వెల్డింగ్ మచ్చ ఉంది. మీద నల్ల రంగు పూశారు. ఆ అతుకు పొడవునా వెంట్రుకవాసి చీలిక. అతుకు మళ్ళీ విడుతోంది. ఫ్రీవేలో ఆ మెడ విరిగితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. "నేను కొన్నప్పుడే స్టిక్కర్ ఉందంకుల్, ఒట్టు" అంటున్నాడు కిరణ్. నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత అంకుల్ చేసిన పనికి ఇంకా బిత్తరపోయాను. "బండి నేను తీసుకుంటాను" అని అడిగిన ధరకే కొనేశారు. నాకు వద్దన్న బండి తనకెందుకని దారిపొడవునా ఉడికిపోయాను. మర్నాడు ఆదివారం పొద్దున గ్యారేజీలో ఇనుము కోస్తున్న చప్పుడు విని పరుగెత్తాను. ఆయన చెమటలు కక్కుతూ ఆ ఫ్రేముని రెండు ముక్కలుగా కోసేస్తున్నారు.

"ఇదేంటంకుల్?"

"నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు కొంటారుగా" అన్నారు. రంపం పక్కన పెట్టి, నా వైపు చూడకుండా మెల్లగా చెప్పారు. "నేనూ ఒకసారి ఇలాగే అమ్మానమ్మా. నా పాత కారు. బ్రేక్ పెడల్ ఒక్కోసారి లోపలికి దిగిపోయేది. బ్రేకుల ఇంజనీర్ని, నాకు తెలీకుండా ఉంటుందా? కొన్న కుర్రాడు మనవాడే. వాడడగలేదు, నేను చెప్పలేదు. నెల తిరక్కుండా ట్రక్కు కిందకి పోనిచ్చాడు. ఇప్పుడు కర్రతో నడుస్తాడు. గుడిలో కనిపించినప్పుడల్లా 'బాగున్నారా అన్నయ్యా' అంటాడు."

"చెప్పెయ్యొచ్చు కదా అంకుల్?"

"చెప్దామనే చాలాసార్లు వెళ్ళాను. వాడు ఎదురొచ్చి నా చేతిలో ప్రసాదం పెడతాడు."

నా ప్రాణం కాపాడిన మనిషీ, ఆ కారు అమ్మిన మనిషీ ఒక్కరేనని నమ్మడానికి చాలా రోజులు పట్టింది. ఆయన మీద గౌరవం తగ్గిందా అంటే, ఆ వారం తగ్గింది. ఆయన వండిన ఉప్మా కూడా తినబుద్ధి కాలేదు. తర్వాత ఆయనే నెలన్నర తిరిగి, ప్రతి బోల్టూ తడిమి చూసి నాకు ఇంకో బండి కొనిపెట్టారు. అదే ఇది. రెండేళ్ళ క్రితం ఆయన పోయాక ఆంటీ ఆయన పనిముట్ల పెట్టె నాకిచ్చింది. దాని మూత లోపల ఆ ఆంజనేయస్వామి ఉన్నాడు. నిన్న ఆయిల్ తుడిచిన గుడ్డ నేను ఆ పెట్టెలోంచే తీశాను.

"నేనే వేడి చేశానమ్మా" అన్నాను స్నేహతో. "చలికి వెంటనే స్టార్టవదు. ఇదిగో, ఇక్కడ లీకవుతోంది. నువ్వు రాకముందు తుడిచేశాను." హ్యాండిల్ మీద బరువేసి నొక్కితే ఫోర్కు మీద ఆయిల్ మళ్ళీ తేలింది. ఆ పిల్ల నివ్వెరపోయి నన్నే చూసింది.

"నేను అడిగాను కాబట్టి చెప్పారు. అడక్కపోతే చెప్పరా, ఆంటీ?"

మర్నాడు పొద్దున రమ్మన్నాను, అప్పటిదాకా బండిని ముట్టుకోనని మాటిచ్చాను. ఇవాళ పదింటికి వస్తానంది. పొద్దుటి నుంచి రెండుసార్లు గుడ్డ పట్టుకుని గ్యారేజీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. బండి చల్లగా ఉంది. దాని కింద నేల మీద కారిన ఆయిల్ అలాగే ఉంది.