ఇద్దరి వక్కాకు

కడప జిల్లాలో ఒక ఊళ్ళో మాది మగ్గాల వీధి. దానికి ఒక పక్క పైవీధి, ఇంకో పక్క కిందివీధి. ఆ రెండు వీధుల పెద్దలూ నా చిన్నతనమంతా ఒకరి మనుషుల్ని ఒకరు నరికించుకుంటూనే గడిపారు. మధ్యలో మేం బిక్కుబిక్కుమంటూ బతికాం. రెండువేల సంవత్సరం తర్వాత ఎలాగో రాజీ కుదిరింది. కోర్టులో సాక్షులు మాట మార్చారు, పెద్దలిద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశారు. ఊరంతా మురిసిపోయింది. నేను నమ్మలేదు. నా బుద్ధే అంత.

అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. ఊరు ఒకే పంచాయతీగా ఉండాలని పైవీధి. ఒకటిగా ఉంటే ఎప్పటికీ పైవీధిదే పెత్తనం, మాకు వేరే పంచాయతీ కావాలని కిందివీధి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఐర్లండులో కూడా ఏళ్ళ తరబడి చంపుకుని చివరికి ఒప్పందానికి వచ్చారని, ఉత్తరాన ఉన్న ముక్క ఏ దేశంతో ఉండాలో అక్కడివాళ్ళలో ఎక్కువమంది చెప్పినట్టే జరగాలని రాసుకున్నారని మా పాఠంలో ఉండేది. పరీక్షకు చదివినప్పుడు ఎంత తేలిగ్గా అనిపించిందో! తక్కువైనవాళ్ళు మర్నాడు ఎలా బతకాలన్నది నాకు తట్టనే లేదు. మా ఊళ్ళో అది తప్ప వేరే ప్రశ్నే లేదు.

గ్రామసభ పెట్టి చేతులెత్తించి అభిప్రాయం తీసుకుంటారని కబురొచ్చింది. మగ్గాల వీధి ఎటు మొగ్గితే అటే. అన్నాళ్ళూ మమ్మల్ని మనుషుల కింద లెక్కగట్టనివాళ్ళకు ఒక్కసారిగా మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఒక పొద్దున పైవీధి పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు. నాయన కాళ్ళు పెట్టి నేసే మగ్గం గుంటలోంచి లేచేలోపే వక్కాకు పళ్ళెం చాపాడు. మా వైపు వక్కాకు, అదే తాంబూలం, అందుకుంటే మాటిచ్చినట్టే.

"ఏమప్పా, ఊరు ఒకటిగానే ఉండాల. నువ్వు చెయ్యెత్తితే మీ వీధంతా ఎత్తుతాది."

నాయన అందుకున్నాడు. ఆ వారంలోనే కిందివీధి ఆయనా వచ్చాడు.

"మా పిల్లోళ్ళు ఇంకా ఎన్నాళ్ళు తలొంచుకోని తిరగాలప్పా? మాకు నువ్వే దిక్కు."

ఆ మాటకు నాకే జాలేసింది. కానీ ఆయన వెనకా ఇద్దరు మనుషులున్నారు. నాయన ఆ వక్కాకు కూడా అందుకున్నాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి అమ్మ విరుచుకుపడింది. "ఇద్దరికీ మాటిస్తివి గదా, రేపు ఆడ చెయ్యెట్ల ఎత్తుతావు?"

"వద్దనేకి నోరు రాలేదే," అన్నాడు నాయన.

సభ బడి ఆవరణలో. మండలం ఆఫీసరు కుర్చీలో, పెద్దలిద్దరూ చెరో పక్క బెంచీ మీద, ఆడవాళ్ళం గోడ వారగా. "ఒకటిగా ఉండాలనేవాళ్ళు" అనగానే పైవీధి చేతులు లేచాయి. నాయన తల దించుకున్నాడు. "రెండు కావాలనేవాళ్ళు" అంటే కిందివీధి చేతులు లేచాయి. నాయన కదల్లేదు. మా వీధిలో ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దలిద్దరూ నాయననే చూస్తున్నారు. వాళ్ళ వెనకున్న మనుషులు నాయన వైపు నడవడం మొదలుపెట్టారు. ఈ పూట నాయన ఇంటికి రాడనిపించింది.

అప్పుడు నా పక్కనుంచి అమ్మ లేచింది.

"సార్, మా ఇంటాయన ఇద్దరి వక్కాకూ తీసుకున్యాడు. ఆశపడి కాదు, భయపడి. ఈళ్ళిద్దరికీ రాజీ అయిందనిరి. అయినాంక గూడా ఎనకాల మనుషుల్ని పెట్టుకోనే మా ఇంటికి వచ్చిరి. మేం కాదంటే మమ్మల్ని ఏమీ చెయ్యమని ఈళ్ళిద్దరూ ఈడ చెప్పాల. అప్పుడు ఒకటో రెండో అడగండి."

ఆఫీసరు చెమట తుడుచుకుని, "ఇలా ఇద్దరికీ మాటిచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

మా పక్కింటి తాత చెయ్యెత్తాడు. తర్వాత ఎదురింటాయన. ఆ తర్వాత మా వీధంతా ఎత్తింది; రెండు పళ్ళేలూ ఇంటింటికీ తిరిగాయన్నమాట. పెద్దలిద్దరూ ఆ చేతుల్ని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవురినీ ఏమీ అనంలే," అని పైవీధి ఆయన నేలను చూస్తూ గొణిగాడు. కిందివీధి ఆయన తలూపాడు. ఆఫీసరు ఏదీ తేల్చకుండానే జీపెక్కాడు. ఊరు ఒకటో రెండో ఆ ఏడాది తేలనే లేదు.

ఇంటికొచ్చాక నాయన అమ్మతో మాట మానేశాడు. భయపడ్డాడని నలుగురిలో చెప్పేసింది కదా, అదీ ఆయన కోపం. నాకు మాత్రం ఆయన మీదే కోపంగా ఉండేది.

కొన్నాళ్ళకు పైవీధి పెద్దాయన మనిషి ఒకడు మళ్ళీ అదే మాట కోసం పళ్ళెంతో వచ్చాడు. ఈసారి ఒక్కడే. నాయన మగ్గం ఆపాడు గానీ గుంటలోంచి లేవలేదు.

"నాకొద్దప్పా," అన్నాడు.

వచ్చినవాడు నాయనను ఎగాదిగా చూసి, పళ్ళెం వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. నాయన చొక్కా వీపంతా తడిసిపోయింది. అమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"వద్దనేది అంతే గదా," అంది.

"అంతే," అన్నాడు నాయన, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని. సభ తర్వాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.